గట్ల మీద పోయే మంచం

మా పల్లె గుడిలో, అంటే చర్చిలో, వారానికొక సంఘపెద్ద ప్రార్థన చేసేవాడు. చేయడమంటే ఆషామాషీగా కాదు. ఆదాము దగ్గర ఎత్తుకుని, మిరపతోటలకు పట్టిన తెగులు మీదుగా, ఢిల్లీలో ఉన్న పాలకుల ఆరోగ్యం దాకా వచ్చి గానీ ఆపేవాడు కాదు. మా నాన్న వంతు వచ్చిన ఆదివారం మాత్రం గుడి తొందరగా వదిలేసేవాళ్ళు. ఆయన లేచి నిలబడేవాడు, కళ్ళు మూసుకునేవాడు. మేమూ మూసుకునేవాళ్ళం. కాసేపు ఏమీ వినపడేది కాదు. చివరికి "ఆమేన్" అనే ఒక్క మాట వినపడేది. పిల్లలం ఒకరినొకరం గిల్లుకుని నవ్వు ఆపుకునేవాళ్ళం.

ఇంటికి వచ్చాక అమ్మ ఊరుకునేది కాదు. "దేవుడికి చెవుడు లేదు, ఒప్పుకుంటా. కాస్త నోరు మెదిపితే ఆయనకీ శ్రమ తగ్గుద్దిగా" అనేది. నాన్న అన్నం కలుపుకుంటూ నవ్వేవాడు. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆయనేమో ఉలకడు, పలకడు. నాకు అమ్మ పోలిక వచ్చిందని అందరూ అనేవాళ్ళు. మెచ్చుకుని అనేవాళ్ళో, జాలిపడి అనేవాళ్ళో నాకు ఇప్పటికీ తెలియదు.

అది యాభైల నాటి మాట. మా ఊరూ, దానికి ఎడంగా మా పల్లె నల్లరేగడి నేల మధ్యలో ఉండేవి. ఎండాకాలం నేల నెర్రెలు విచ్చి, కోడిపిల్ల పడితే కనపడేది కాదు. వాన పడితే అదే నేల కాలు పట్టుకుని వదిలేది కాదు. పర్చూరు రోడ్డెక్కితే బస్సు దొరుకుతుంది, బస్సెక్కితే టౌనులో మిషను ఆసుపత్రి ఉంది. అయితే రోడ్డుకీ ఊరికీ మధ్య రెండున్నర మైళ్ళ రేగడి ఉంది. వానల్లో బండిబాటలో బండి ఇరుసు దాకా దిగబడేది. ఎద్దులే మొండికేసేవి. చేలగట్ల మీద మాత్రం మనిషి నడవవచ్చు, అదీ ఒకరి వెనక ఒకరు.

ఆ రోజుల్లో జబ్బు చేసినవాళ్ళను దుప్పటిలో వేసి, రెండు కొసలూ బొంగుకి కట్టి, డోలీలా మోసుకుపోయేవాళ్ళు. నేను పుట్టకముందు మా మేనత్తను అలాగే తీసుకెళ్ళారట. దుప్పటిలో మనిషి మూటలా ముడుచుకుపోతుంది. కడుపులో నొప్పితో ఉన్న మనిషి అలా ముడుచుకుని ఉండగానే దారిలో పోయింది. బొంగు వెనక కొస నాన్న భుజం మీద ఉంది. ఈ సంగతి అమ్మ చెప్పింది. నాన్న చెప్పలేదు.

ఆ తరవాత ఆయన ఒక మంచం చేశాడు. కూలికి పోతూ, అరెకరం కౌలుకి తీసుకుని మిరప వేసుకునే మనిషి ఆయన. చేతికి మాత్రం మంచాలల్లే పని వచ్చు. ఆ మంచం వెడల్పు మూరన్నర. పట్టెలు సన్నటి సరుగుడువి, కోళ్ళు జానెడు. నాలుగు మూలలా తాళ్ళు కట్టి పైన ఒకే బొంగుకి వేలాడదీస్తే, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు వరసలో నడుస్తూ గట్టు మీదనే రోడ్డుకి చేర్చవచ్చు. మనిషి ముడుచుకోకుండా వెల్లకిలా పడుకుంటుంది. గంటలో రోడ్డు. పల్లెలో అందరూ దాన్ని ఆసుపత్రి మంచం అనేవాళ్ళు.

అది మా ఇంట్లో వాసాలకు వేలాడుతూ ఉండేది. దాని మీద మేమెవరం పడుకోకూడదు. ఎవరింట్లోనైనా ఆపద వస్తే గుడి ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను మూడుసార్లు గబగబా కొట్టేవాళ్ళు. నాన్న మంచం దించేవాడు. మరో ముగ్గురు వచ్చేవాళ్ళు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మంచాన్ని బాగా కడిగి ఎండలో పెట్టేవాడు. కల్లం నిండా మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో కూడా దాని చోటు దానికి ఉండేది. అమ్మ కాయలు నెరుపుతూ, ఎండలో తనకు దక్కని మర్యాద మంచానికి దక్కుతోందని సాగదీసేది.

ఒక ఏడు శ్రావణంలో ఊళ్ళోని పెద్ద రైతు కోడలు మూడు రోజులు నొప్పులు పడింది, బిడ్డ అడ్డం తిరిగింది. బయట ముసురు. బండి వాకిట్లోనే దిగబడింది. అప్పుడు ఆ ఇంటి పాలేరు మా పల్లెకు పరిగెత్తుకొచ్చాడు. మామూలు రోజుల్లో మా వాళ్ళు ఆ ఇంటి వాకిలి దాటి లోపలికి పోయేవాళ్ళు కాదు. ఆ రోజు నట్టింట్లోకి పోయి ఆమెను ఆసుపత్రి మంచం మీదికి చేర్చి ఎత్తుకున్నారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. బిడ్డ బయటపడి, తల్లి కోలుకున్నాక, పది రోజులకు అందరికీ మళ్ళీ గుర్తొచ్చింది.

నేల ఆరాక, తల్లీబిడ్డలతో పాటు మంచం కూడా బండి మీద ఆ రైతు ఇంటికే చేరింది. అక్కడే చిక్కు వచ్చిపడింది. నులక అంతా నెత్తురు మరకలు. పురుటి మైల పడిన వస్తువును గుడి తాలూకు మనుషులకు తిరిగివ్వడం పాపమని ఆ ఇంటి పెద్దావిడ అనుకుంది. పురుటి బట్టలు చాకలికి పోవడం రివాజు. మంచం కూడా వాటితో పాటు చాకలి ఇంటికి పోయింది. మాకేమో కొత్త మంచం చేయించారు. టేకుది. కోళ్ళకు లక్కరంగు, తలవైపు నగిషీ చెక్క, తెల్లటి నవారు. బండి మీంచి దించడానికి ఆరుగురు కావలసి వచ్చారు.

వాళ్ళది తప్పనడానికి నాకు నోరు రాదు. పెట్టగలిగినంత గొప్పది పెట్టారు. ఆ మంచం ఎందుకు సన్నగా ఉందో, ఎందుకు తేలిగ్గా ఉందో వాళ్ళకు తట్టలేదంతే. చెప్పవలసినవాడు మా నాన్న. బండి పక్కన నిలబడి, ఆ పెద్దావిడ ముఖంలో సంతోషం చూసి, చేతులు జోడించి ఊరుకున్నాడు.

టేకు మంచం గుడిలో ఒక మూల వేశారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నెలకోసారి వచ్చినప్పుడు దాని మీద హాయిగా నిద్రపోయి, పొద్దున్నే దాతల కోసం చాలాసేపు ప్రార్థన చేశారు. సన్న మంచం ఇంకోటి చేయించాలా అని సంఘపెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంత మంచం ఇచ్చిన మహారాజుల ముఖాన కొట్టినట్టు ఉంటుందని ఒకరన్నారు. ఇంకో నలుగురు మోతకు కూడితే దాన్నే మోసుకుపోవచ్చని ఇంకొకరన్నారు. నువ్వేమంటావని నాన్నను అడిగారు. ఆయన చాప అంచు వంక చూస్తూ కూర్చున్నాడు. అమ్మ గుడి కిటికీ దగ్గర నిలబడి ఇదంతా విన్నది. "అడగందే అమ్మయినా పెట్టదు. ఈ మనిషి అడగడు, అడిగితే చెప్పడు" అని దారి పొడవునా గొణిగింది. నాన్న ఆ సాయంత్రం నుంచే చూరు కింద కూర్చుని, ఎవరికీ చెప్పకుండా జనపనార పేనడం మొదలుపెట్టాడు. పొలం పనుల మధ్య అది రోజుకు రెండు బారలు సాగేది.

పాత మంచం ఎక్కడుందో కనిపెట్టింది నేనే. ఊళ్ళో మూడోవీధి చివర చాకలి ఇల్లు. ఆ ఇంటి ముసలామె వసారాలో దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మంచం అందం చూసి మురిసిపోతున్నట్టు పట్టె నిమురుతోంది. నేను పరిగెత్తుకొచ్చి నాన్నతో చెప్పాను, అది మనదే కదా, తెచ్చుకుందాం అన్నాను. ఆయనకు అప్పటికే తెలుసు. "ముసలామె ఇన్నాళ్ళూ నేల మీద పడుకునేదమ్మా" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు.

ఆ ఏడే కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడో రోజు తెల్లవారుతుండగా అమ్మకు నెత్తురు పోవడం మొదలైంది. కడుపుతో ఉంది, ఆరో నెల. నాకప్పుడు పదమూడేళ్ళు, నా కింద ఒక చెల్లి, ఒక తమ్ముడు. చాప తడిసిపోతోంది. అమ్మ గోడకు ఆనుకుని, ముఖం పాలిపోయి కూడా నాన్నను వదిలిపెట్టలేదు.

"ఊరందర్నీ మోశావు. నా వంతు వచ్చేసరికి మంచం లేదేం?"

"ఇప్పుడే తెస్తా" అని నాన్న వానలోకి పరిగెత్తాడు. ఆయన పోయింది ఊళ్ళో మూడోవీధి వైపు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఎక్కడికి పోతున్నాడో నాకు తెలుసు కాబట్టి ధైర్యం వచ్చింది. అమ్మతో కూడా చెప్పాను, మన మంచం వస్తోందని.

ఈలోపు మోతకు వచ్చినవాళ్ళు గుడిలో టేకు మంచం ఎత్తి చూశారు. ఉత్త మంచానికే బొంగు విల్లులా వంగింది. దించేశారు. అంతలో నాన్న వచ్చాడు. ఖాళీ చేతులతో వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరి ముఖమూ చూడలేదు. మేనత్త పోయిన తీరు మరవని మనిషి, దుప్పటి డోలీ కడతామంటే వద్దన్నాడు. ఇంట్లో మేం పడుకునే పాత తుమ్మకర్ర మంచాన్ని వసారాలోంచి లాగి, అమ్మను దాని మీద పడుకోబెట్టాడు. అది గట్టు మీద పట్టదు. దానికి ఇద్దరిద్దరు పక్కపక్కన నడవాలి. బండిబాట తప్ప దారి లేదు. అమ్మ మీద తాటాకు గొడుగు పట్టారు. పోతూ పోతూ అమ్మ నాతో, గంజి వార్చేటప్పుడు చెయ్యి కాల్చుకోకు అంది.

గంటలో పోవలసిన దారి నాలుగు గంటలు పట్టిందట. మోకాళ్ళ దాకా దిగబడుతూ, మంచాన్ని మాటిమాటికీ బురదలో ఆనిస్తూ పోయారు. రోడ్డెక్కాక నాన్న ఒక లారీ ఆపాడు. ఆసుపత్రి వరండాలో అమ్మ పోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటేనా అందట డాక్టరమ్మ. డాక్టర్లు అందరితోనూ అనే మాటే అది. తరవాత నర్సునయ్యాక నేనూ చాలామందితో అన్నాను. కాకపోతే అమ్మ విషయంలో అది నిజమని నాకు లెక్క తెలుసు. గట్టు దారికి గంట, బండిబాటకు నాలుగు గంటలు.

సమాధి దగ్గర అయ్యగారు ప్రార్థన చేశారు. నాన్నను కూడా ఒక మాట చెప్పమన్నారు. ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆ రోజు ఆమేన్ కూడా బయటికి రాలేదు. ఎవరూ నవ్వలేదు.

వారం తరవాత, పొయ్యి దగ్గర, నేను అడిగాను. చాకలి ఇంటికి పోయావుగా, మంచం ఇవ్వం అన్నారా అని.

"అడగలా" అన్నాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వాళ్ళు పొమ్మన్నారని చెప్పి ఉంటే, మనం పల్లెవాళ్ళం కాబట్టి గడప తొక్కనివ్వలేదని చెప్పి ఉంటే, నేను వాళ్ళను తిట్టుకుని బతికేదాన్ని. అడగలేదట. ఊళ్ళోవాళ్ళ గుమ్మం ముందు నిలబడేసరికి నాలుక లోపలికి పోయిందన్నమాట. బండి దగ్గర పోయింది, సంఘంలో పోయింది, అక్కడా పోయింది. మా అమ్మ చచ్చిపోయింది ఆ నోరులేనితనం వల్లే అని తేల్చుకున్నాను. ఆ తీర్పు మీద తొమ్మిదేళ్ళు ఉన్నాను.

ఆ తొమ్మిదేళ్ళలో ఆయన మమ్మల్ని ఎలా పెంచాడో దాచిపెడితే నాకు పుట్టగతులుండవు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. శనివారం శనివారం కుంకుడుకాయలు కొట్టి ముగ్గురికీ తలలు రుద్దేవాడు. మిరపకాయ కోతల రోజుల్లో చేతులు మండిపోతుంటే ముందు మజ్జిగతో, తరవాత తవుడుతో కడుక్కుని, తన కంటికి తానే వేలు తగిలించి చూసుకుని, మండకపోతే అప్పుడు చెల్లెలి జడ వేసేవాడు. అమ్మ పోయిన నెలలోపే పేనిన నారతో సన్న మంచం అల్లడం పూర్తిచేశాడు. ఈసారి పెద్దలెవరూ కాదనలేదు. పట్టా ముక్క మూడుసార్లు మోగగానే మళ్ళీ మంచం దించుకుని పోయేవాడు. నేను అన్నం వడ్డించేదాన్ని, అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని. అడిగేది తక్కువ కాబట్టి చెప్పేదీ తక్కువే ఉండేది.

ఎస్సెల్సీ కాగానే నర్సు ట్రెయినింగుకి ఆ మిషను ఆసుపత్రికే పోయాను. సేవ చేయాలని కాదు, ఇల్లు వదిలిపెట్టడానికి. ఆయన రెండు మూడు నెలలకోసారి ఎవరినో మోసుకుని వచ్చేవాడు. రోగిని అప్పజెప్పి, కాళ్ళ బురద గేటు దగ్గర కడుక్కుని, మా వార్డు ముందుకు వచ్చి నిలబడేవాడు. బాగున్నావా అంటే బాగున్నాను అనేదాన్ని. మిగతా రోగుల తాలూకు మనుషులతో ఎలా మాట్లాడతానో అలాగే మాట్లాడేదాన్ని. తోటి నర్సులు ఆయనెవరని అడిగితే మా ఊరి మనిషని ఒకసారి చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అరవైల మధ్యలో మా ఊరికి కంకర రోడ్డు పడింది. అదే ఏడు కళ్ళ వార్డులో నాకు డ్యూటీ వేశారు. శుక్లాల ఆపరేషనుకి ఒక ముసలామె వచ్చింది. కేసు చీటీ మీద మా ఊరి పేరు చూశాను. మనిషిని చూడగానే గుర్తుపట్టాను. చాకలి ఇంటి ముసలామె. అప్పట్లోనే పండుముసలిగా కనిపించిన మనిషి ఎనభై దాటి, చూపు కావాలని వచ్చింది. ఆమె తప్పేమీ లేదని తెలిసినా నా చేతులు కొంచెం మొరటుగానే కదిలాయి.

ఆపరేషనైన మూడో రోజు కట్టు మార్చడానికి పోయాను. కట్టు విప్పేలోపు, నా మాట తీరు బట్టి, మాది ఏ ఊరని అడిగింది. చెప్పాను. ఎవరి అమ్మాయివంది. ఆసుపత్రి మంచం మోసే ఆయన కూతుర్నని చెప్పాను. ముసలామె గాల్లో వెతికి నా ముంజేయి పట్టుకుంది.

"మీ నాయన చలవతోనే బతికున్నానమ్మా నేను" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమెను మోసుకొచ్చినట్టు నాకు గుర్తులేదు. ఆమె చెప్పుకుపోయింది. ఏ ఏడో గుర్తులేదట. వాయుగుండం పట్టిన రోజులట. ఆమెకు విషజ్వరం. ఇక దక్కదని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు. మంచం మీద ప్రాణం పోకూడదు కాబట్టి, కిందికి దించాలని కోడలు ముందురోజే గడ్డి పరిచి పెట్టుకుంది. మా వైపు మంచంలో ఉన్న మనిషిని నేల మీదికి దించడమంటే ఇక ఆశ వదులుకున్నట్టే. దించాక బతికినవాళ్ళను నేనూ చూడలేదు. ఆ సంగతి మంచంలో ఉన్న మనిషికి అందరికన్నా బాగా తెలుసు.

"తెల్లారుజామున కొడుకు రేవుకి పోయాడు, కోడలు దొడ్లో ఉంది. నన్నెక్కడ దించుతారో అని రెండు చేతులా మంచం పట్టె పట్టుకుని ఉన్నా. అప్పుడొచ్చాడు మీ నాయన. నిలువెల్లా తడిసి గడప అవతల నిలబడ్డాడు. ఆయనొచ్చాడంటే దింపడానికే పిలిపించారనుకున్నా. నన్ను దించడానికొచ్చావా అబ్బయ్యా అన్నా. నా చేతుల వంక చూశాడు. చానాసేపు చూశాడు. లేదు పెద్దమ్మా, ఎట్టా ఉన్నావో చూసిపోదామని వచ్చా అన్నాడు. ఆ మాటతో నాకు పోయే ప్రాణం నిలబడ్డది."

నేను కట్టు విప్పుతూనే ఉన్నాను. నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అడగలా, అని నాన్న పొయ్యి దగ్గర అన్న మాట చెవిలో వినపడింది. నిజమే చెప్పాడు. అడగలేదు. ఆ గడప దగ్గర ఆయన ఎంతసేపు నిలబడ్డాడో, ఆ కాసేపట్లో ఏమేమి తూచి ఉంటాడో నాకు తెలియదు. ఇంట్లో అమ్మ ఉంది. ఆ సంగతి ఆయనకు గుర్తులేక కాదు. నేనైతే ఆ ముసలామె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి మంచం లాక్కొచ్చి ఉండేదాన్ని. ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆయన చేసింది ఒప్పని నేను ఆ రోజూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఆయనకు నోరు లేక తిరిగొచ్చాడని తొమ్మిదేళ్ళు నమ్మానే, అది మాత్రం తప్పు. నాన్న మీద ప్రేమ పొంగుకొచ్చింది. అది వచ్చిన చోటు కళ్ళ వార్డు. ఏడవడానికి వీల్లేని చోటు.

"మీ అమ్మ కూడా ఆ రోజుల్లోనే పోయిందంటగా. నాకు లేచి తిరిగినాక చెప్పారు" అంది ముసలామె. తరవాత అడిగింది. "అంత పొద్దున్నే, అంత వానలో, ఏ పని మీద వచ్చాడోనమ్మా. నన్ను చూడ్డానికే వచ్చాడంటావా?"

ఆమె ముఖం నా వైపు ఎత్తి ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. చెప్పవలసిన జవాబు నా నోటి చివరిదాకా వచ్చింది. నువ్వుగింజ నానని నోరు నాది.

"చూడ్డానికే అవ్వా" అన్నాను.

కొత్త దూది పెట్టి, కట్టు కట్టి, తల కదిలించవద్దని చెప్పి, పక్క రోగి దగ్గరికి పోయాను.